జెండా నీ ఇష్టం, వకాలత్ కక్షిదారుది

గోదావరిఖని

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. స్థానిక ఎన్నికల్లో కొద్ది ఓట్ల తేడాతో ఓడిన ఒకాయన ఫైలు పట్టుకొని నీ దగ్గరికి వచ్చారని, గెలిచినాయన మీద కేసు వేయమంటున్నారని రాశావు. మీ నాన్న వద్దంటున్నాడు, మీ ఆయన నీ ఇష్టమంటున్నాడు, నువ్వేమో నన్నడిగావు. కేసు తీసుకో. కాకపోతే వకాలత్ మీద సంతకం పెట్టించుకునే ముందు ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన కోపం సంగతి పక్కన పెట్టి కాగితాలు చూడు.

ఎన్నికల పిటిషన్ మిగతా దావాల్లాంటిది కాదు. అసెంబ్లీకో పార్లమెంటుకో జరిగిన ఎన్నికైతే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద 45 రోజుల్లోగా హైకోర్టులో వేయాలి. ఒక్కరోజు దాటినా మాఫీ లేదు. ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 దీనికి వర్తించదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. స్థానిక ఎన్నికలకు చట్టం వేరు, ట్రిబ్యునల్ వేరు, గడువూ వేరే. అన్నిటికన్నా ముందు ఆ గడువు చూసుకో. ఇక 'డబ్బులు పంచారు మేడం, ఊరంతా తెలుసు' అంటారు. ఊరంతా తెలిస్తే చాలదు. ఎవరు, ఎవరికి, ఎక్కడ, ఏ రోజు అన్నది పిటిషన్‌లోనే ఉండాలి. క్రిమినల్ కేసులో ఎంత గట్టి రుజువు అడుగుతారో ఇక్కడా అంతే అడుగుతారు. బోనెక్కి చెప్పే మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని ఆయన్నే అడుగు.

మన పక్క ధర్మపురి సంగతి నీకు తెలుసు. 2018లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు, అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకు వెళ్లారు. నాలుగేళ్లు దాటాక ఎన్నికల పత్రాలు తెమ్మని కోర్టు అడిగితే, 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూమ్ తాళంచెవులే దొరకలేదు. కోర్టు అనుమతితో తాళం పగలగొట్టాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో పిటిషన్ కొట్టేశారు. నవంబర్ 30న అదే ధర్మపురి ఓటర్లు లక్ష్మణ్ కుమార్‌ను 22 వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు. కోర్టులో అంతకాలం నలిగిన తగువును జనం ఒక్కరోజులో తేల్చేశారు.

కొత్తగూడెం కథ ఇంకా చిత్రం. 2018లో కాంగ్రెస్ నుంచి వనమా వెంకటేశ్వరరావు గెలిచారు, ఓడిన టీఆర్ఎస్ అభ్యర్థి జలగం వెంకట్రావు పిటిషన్ వేశారు. ఆ తర్వాత వనమా టీఆర్ఎస్‌లోకే వచ్చారు. వాది, ప్రతివాది ఒకే జెండా కింద ఉన్నా కేసు నడుస్తూనే ఉంది. ఎన్నికల పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోవడానికి లేదు, ఎందుకంటే అది ఇద్దరి ఇంటి గొడవ కాదు, ఓటేసిన వాళ్లందరిదీ. అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు సరిగా చూపలేదని 2023 జూలై 25న హైకోర్టు వనమా ఎన్నిక చెల్లదంది, జలగమే ఎమ్మెల్యే అంది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబర్ 30 ఎన్నికల్లో జనం ఇద్దరినీ కాదని సీపీఐ నుంచి కూనంనేని సాంబశివరావును పంపారు. ఇలాంటి పిటిషన్ల విచారణ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. ఇక్కడ నాలుగున్నరేళ్లు పట్టింది. ఈ మాట మీ కక్షిదారుకు మొదటిరోజే చెప్పు, ఫీజు మాట కంటే ముందు చెప్పు.

అయితే కేసులెందుకు అంటావా? అఫిడవిట్ అంటే ఎవరో నింపితే సంతకం పెట్టే కాగితం అనుకున్న నాయకులు, కొత్తగూడెం తీర్పు తర్వాత వకీలును పక్కన కూర్చోబెట్టుకొని ప్రతి గడీ చదివించుకున్నారు. నా కళ్లారా చూశాను. పదవీకాలం గడిచిపోయినా తీర్పు తన పని తాను చేస్తుంది.

ఇంకోమాట. ఈ కేసుల్లో గెలుపోటములు చాలావరకు పోలింగ్ రోజునే నిర్ణయమైపోతాయి. బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే ఫారం 17సి నకలు పోలింగ్ ఏజెంట్‌కు ఇవ్వాలి. మన ఏజెంట్లు బిర్యానీ పొట్లం అడిగి తీసుకుంటారు గానీ ఈ కాగితం అడగరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఏ పార్టీవాళ్లు పిలిచినా వెళ్లి ఏజెంట్లకు ఇది నేర్పు. డబ్బు తీసుకోకు.

ఏ పార్టీ అయినా అని ఎందుకన్నానంటే, మన ఊరు అలాంటిది. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలైనప్పటి నుంచి ప్రతి ఇల్లూ ఒక గేట్ మీటింగే. 2023 డిసెంబర్ 27 నాటి పోలింగ్ కూడా హైకోర్టు మెట్లెక్కి వచ్చాకే జరిగింది. ఏఐటీయూసీ రెండు వేలకు ఒక్క ఓటు తక్కువ మెజారిటీతో గెలిచింది, ఐఎన్‌టీయూసీ మాత్రం పదకొండు ఏరియాల్లో ఆరు గెలుచుకుంది. మన రామగుండం ఒకటి, రెండు ఏరియాలు ఏఐటీయూసీకి, మూడో ఏరియా ఐఎన్‌టీయూసీకి. మన ఇంట్లోనే మీ నాన్న ఒక సంఘం, మీ మరిది ఇంకో సంఘం. నీ ఆఫీసుకు వచ్చే కార్మికుడు ఏ సంఘం ఫిట్ సెక్రటరీ మనిషో నువ్వు అడగొద్దు. గోడ మీద ఏ నాయకుడి ఫొటో పెట్టొద్దు. నీకంటూ రాజకీయం ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ రాజకీయం చూసి ఎదుటి సంఘం వాడు నీ మెట్లెక్కడానికి జంకాడంటే మాత్రం నీ ప్రాక్టీసు సగం పోయినట్టే.

ఎన్నికల ఫైలు వచ్చింది కదా అని అసలు పని మరువకు. మొన్న నా దగ్గరికి ఒకామె వచ్చింది, ప్లాస్టిక్ సంచిలో రెండు కాగితాలు. కంపెనీ రికార్డులో భర్తకు ఒక పేరు, ఊరి రికార్డులో ఇంకో పేరు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే రోజుల్లో వేరేవాళ్ల పేరు మీద బాయిలో చేరిన మనిషి. జీవితమంతా ఆ పేరుతోనే మస్టర్ పడ్డాడు. ఇప్పుడు కొడుకు తండ్రి ఎవరో రుజువు చేసుకోవాలి. మన ప్రాంతంలో ఈ మారుపేర్ల బాధ ఎన్ని ఇళ్లలో ఉందో నీకు వేరే చెప్పాలా? వారసత్వ ఉద్యోగాల పథకం 2017లో కోర్టులో వీగిపోయి కారుణ్య నియామకాలు వచ్చాక, ఒక్క ఉద్యోగం కోసం తల్లీ కొడుకులు, అక్కాతమ్ముళ్లు నా బల్లకు చెరోవైపు కూర్చున్న రోజులున్నాయి. అప్పుడు కేసు గెలిపించడం చిన్న పని. కొడుక్కు ఉద్యోగం వస్తే తల్లికి నెలకు ఎంత ఇస్తాడో ముందే కాగితం మీద పెట్టించు. పెళ్లైన బిడ్డను లెక్కలోంచి తీసేయొద్దని ఆ ఇంటి మగవాళ్ల ముందే చెప్పు.

మీ నాన్న భయం గురించి రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. 2021 ఫిబ్రవరి 17న, రామగిరి మండలం కల్వచర్ల దగ్గర, పట్టపగలు నడిరోడ్డు మీద గట్టు వామన్‌రావును, నాగమణిని నరికి చంపారు. ఇద్దరూ వకీళ్లు. మంథని కోర్టు పని చూసుకొని వెళ్తున్నారు. ఆ రోడ్డు మీద నువ్వూ నేనూ వారంవారం తిరుగుతాం. కేసును సీబీఐకి ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2025 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. వకీళ్ల రక్షణకు చట్టం కావాలని ఆనాడు రోడ్డెక్కి అడిగాం, ఇప్పటికీ అడుగుతున్నాను. కాబట్టి మీ నాన్న మాటను పిరికితనం అనకు. ఎవరైనా బెదిరిస్తే ఆ రోజే రాతపూర్వకంగా పోలీసులకు, బార్ అసోసియేషన్‌కు ఇవ్వు. ముఖ్యమైన ఫైళ్ల నకళ్లు ఇంటి బయట ఒకచోట ఉంచు. కేసు సంగతులు వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడకు. వాయిదాకు వెళ్లేటప్పుడు ఎటు వెళ్తున్నావో మీ ఆయనకు చెప్పి వెళ్లు. ఆయన నీ ఇష్టమన్నాడంటే పూర్తిగా ఒప్పుకున్నాడని కాదు, కూర్చొని మాట్లాడు.

రేపు నువ్వే పోటీ చేస్తానంటే నేను కాదనను. మన పక్క మంథనికి 1957 నుంచి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యేగా ఉన్న పీవీ నరసింహారావు కూడా లా చదివినవారే. ఆరోజు వస్తే నీ ఫైళ్లన్నీ మంచి జూనియర్‌కో సీనియర్‌కో కక్షిదారుల సమ్మతితో అప్పగించు. ప్రచారం చేస్తూ వాయిదాలు అడగడం ఆ మనుషులకు అన్యాయం.

ఈ ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. ఆ ఫైలు తీసుకొని రా. ఫలితం ప్రకటించిన తేదీ ఉన్న కాగితం, 17సిలాగా వాళ్ల ఏజెంట్లకు ఇచ్చిన లెక్కల నకళ్లు ఎన్ని బూత్‌లవి దొరికితే అన్నీ తెమ్మని ఆయనకు ఈరోజే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న