ఐర్లండు పల్లెల్లో పశుపోషణ

ఐరోపాకు పడమటి అంచున, అట్లాంటిక్ మహాసముద్రంలో ఐర్లండు దీవి ఉంది. అక్కడ ఎండ తీవ్రత లేదు, చలి మితిమీరదు. వాన మాత్రం ఏడాది పొడవునా కురుస్తుంది. అందుచేత పచ్చికకు కొదవ లేదు. గడ్డి ఉన్నచోట గొడ్డు ఉంటుంది కదా!

ఆ దేశపు పాత భాష ఐరిష్. అందులో ఆవును 'బో' అంటారు. ఈ మాటకూ సంస్కృత 'గో' శబ్దానికీ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. దారి అనే అర్థంగల ఐరిష్ మాట కూడా 'బో' నుండి పుట్టినదే. ఆవులు నడిచినదే దారి అన్నమాట!

పూర్వం మే నెల రాగానే పశువులను కొండమీది బీళ్లకు తోలేవారు. దీనికి 'బూలీ' అని పేరు. దిగువ పొలాల్లోని పైరుకు పశువుల బెడద తప్పేది. మంద వెంట ఎక్కువగా ఆడపిల్లలే వెళ్లి, గుడిసెల్లో ఉంటూ పాలు పితికి వెన్న తీసేవారు. నవంబరు మొదట్లో ఇల్లు చేరేవారు.

పేద కౌలురైతుకు పందే ఆధారం. 'శిస్తు కట్టే పెద్దమనిషి' అని దానికి ముద్దుపేరు. ఇంట్లో తినగా మిగిలిన బంగాళాదుంపలు పెట్టి పెంచి, అమ్మిన డబ్బు భూస్వామికి చెల్లించేవారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకింది. మనుషులకే తిండి లేనప్పుడు పందికి ఏమి పెట్టగలరు? పంది పోయింది, శిస్తు ఆగింది. వేలాది కుటుంబాలను ఇళ్లనుండి వెళ్లగొట్టారు.

నేడు శీతకాలంలో ఆవులను కొట్టాల్లో ఉంచి పాతరగడ్డి మేపుతారు. దూడ పుట్టిన కొద్ది గంటల్లోనే జున్నుపాలు తాగించాలి. రోగాలను తట్టుకొనే శక్తి దానికి వాటివల్లనే కలుగుతుంది. వసంతంలో గొర్రెలు ఈనే రోజుల్లో రైతుకు నిద్ర ఉండదు. తల్లి చనిపోయిన పిల్లకు సీసాతో పాలు పడతారు. లేదా మరొక గొర్రెకు పుట్టి చచ్చిన పిల్ల చర్మాన్ని దానికి తొడుగుతారు. ఆ గొర్రె వాసన చూసి, తన పిల్లే అనుకొని పాలిస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా, దీనితో ఒక ప్రాణం నిలుస్తుంది.

2001 ఫిబ్రవరిలో పొరుగున ఉన్న బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగింది. ఐర్లండులో గుమ్మాల ముందు మందునీటితో తడిపిన చాపలు పరిచారు. మార్చి 17న డబ్లిన్‌లో జరగవలసిన సెయింట్ పాట్రిక్ పండుగ ఊరేగింపును మే నెలకు వాయిదా వేశారు. అయినా మార్చి 22న లౌత్ జిల్లాలోని కూలీ ద్వీపకల్పంలో ఒక గొర్రెల మందకు వ్యాధి సోకినట్లు తేలింది. (ఈ 'కూలీ' మన కూలి కాదు, ఊరి పేరు. ఐరిష్ ప్రాచీన గాథలో ఒక ఆంబోతు కోసం యుద్ధం జరిగింది ఈ సీమలోనే.) వ్యాధి వ్యాపించకుండా చుట్టుపక్కల గొర్రెలను, ఆరోగ్యంగా ఉన్నవాటిని సైతం, చంపవలసి వచ్చింది. ఐర్లండు గణతంత్రంలో ఆ ఏడు వ్యాధి సోకిన మంద ఆ ఒక్కటే.