పాత ల్యాప్‌టాపు మీద నమ్‌పై

తుడియలూరు పక్క మన ఇళ్ళలో చాలామంది అవ్వలు తెలుగు మాట్లాడతారు, చదవమంటే తమిళ లిపే చదువుతారు. తెలుగులో ఉత్తరం రాసి చేతికిస్తే పక్కన పెట్టేస్తారు. భాష రాక కాదు, ఆ అక్షరాలు నేర్చుకోలేదు. మా అక్క వాడి నాకిచ్చిన ల్యాప్‌టాపు కూడా అచ్చం అలాగే చేసింది.

అవ్వ మాటలు రికార్డు చేసి, ఏ తెలుగు మాట పక్కన ఏ తమిళ మాట వస్తుందో పట్టిక కట్టడం నా ప్రాజెక్టు. దానికి పైథాన్‌లో నమ్‌పై కావాలి. నమ్‌పై లోపల పెద్ద లెక్కలు చేసేది బ్లాస్ అనే లైబ్రరీ. ఉచితంగా దొరికే బ్లాస్‌లలో ఓపెన్‌బ్లాస్ ఒకటి. నా మిషన్‌లో ఉన్నది పాత లైనక్స్, ప్రాసెసరేమో 2011లో వచ్చిన ఏఎండీ బాబ్‌క్యాట్ రకం.

ముందు రెడీమేడ్ ఫైలు దించుకున్నాను. కావలసిన జీలిబ్‌సీ వెర్షన్ లేదంది. లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆనుకునే మూల లైబ్రరీ అది. కొత్త సిస్టమ్‌లో తయారైన ఫైలు కొత్త జీలిబ్‌సీనే అడుగుతుంది. దాన్నే మార్చేద్దామనిపిస్తుంది, వద్దు! అది చెడితే ఫైళ్ళ జాబితా చూపే చిన్న కమాండ్ కూడా పనిచేయదు. ఉన్న సిస్టమ్ మీదే సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి, నమ్‌పై కూడా ఆ పాత పైథాన్‌కి సరిపోయేదే తీసుకోవాలి.

నా మిషన్ నెమ్మది. అందుకని ఓపెన్‌బ్లాస్‌ని స్నేహితురాలి కంప్యూటర్‌లో కంపైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. అక్కడా అదే లైనక్స్ కదా అనుకున్నాను. ఇంటికొచ్చి నడిపిస్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోయింది. పోలీసు కేసేమీ కాదు, ప్రాసెసర్‌కి రాని ఆదేశం ఇచ్చామని అర్థం. మనమేమీ చెప్పకపోతే ఓపెన్‌బ్లాస్ తాను కంపైల్ అవుతున్న మిషన్‌ని చూసి దానికి తగ్గట్టే తయారవుతుంది. ఆ అమ్మాయి ప్రాసెసర్‌కి ఏవీఎక్స్ ఆదేశాలు వచ్చు, బాబ్‌క్యాట్‌కి రావు. లైనక్స్ ఒకటే, లిపి వేరు.

మీ ప్రాసెసర్‌కి ఏం వచ్చో తెలుసుకోవాలంటే ప్రాక్ ఫోల్డర్‌లో సీపీయూఇన్ఫో అనే ఫైలు తెరవండి. ఫ్లాగ్స్ అన్న వరుసలో ఏవీఎక్స్ లేకపోతే లేనట్టే. అప్పుడు మేక్ కమాండ్‌తో పాటు, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, టార్గెట్=బాబ్‌క్యాట్ అని ఇవ్వాలి. ప్రాసెసర్ పేరు తేలకపోతే టార్గెట్=ప్రెస్కాట్ అని పాత రకాన్ని ఇచ్చి చూడవచ్చు, వేగం కాస్త తగ్గుతుందంతే. రకరకాల మిషన్లలో వాడాలంటే డైనమిక్ ఆర్క్=1 అనే మార్గముంది. కంపైల్‌కి ఎక్కువసేపు పడుతుంది, ఫైలు పెద్దదవుతుంది.

అన్నట్టు, అరుదైన ప్రాసెసర్ అంటే ఓపెన్‌బ్లాస్‌కి కొత్తేమీ కాదు. కజుషిగె గోటో రాసిన గోటోబ్లాస్ ఆగిపోయాక, చైనాలో జాంగ్ షియాన్‌యీ దాన్ని అందుకుని 2011లో ఓపెన్‌బ్లాస్‌గా తెచ్చాడు. చైనావాళ్ళ లూంగ్‌సన్ 3ఏ ప్రాసెసర్‌కి దాన్ని మలచడం తొలి పనుల్లో ఒకటి.

మెమరీ తక్కువైతే కంపైలర్ మధ్యలో ‘కిల్డ్’ అని చచ్చిపోతుంది, ఒక్కో ఫైలుగా కంపైల్ చేయించండి. బ్యాటరీ పోయి గడియారం తప్పుగా ఉంటే మేక్ ఏది పాతదో ఏది కొత్తదో తెలియక తికమకపడుతుంది, ముందు తేదీ సరిచేయండి.

చివర్లో నడిచే టెస్టులు మాత్రం విసుగనిపించినా వదిలేయకండి. ప్రోగ్రాం ఆగిపోతే మనకు తెలుస్తుంది. లెక్క తప్పితే తెలియదు, అవ్వ అనని మాట అవ్వ ఖాతాలో పడుతుంది.

బాబ్‌క్యాట్‌కి తయారుచేసిన ఫైలు నా దగ్గరుంది. కావలసినవాళ్ళు ముందు మీ ఫ్లాగ్స్ వరుస రాసుకుని రండి.