న్యాయస్థానం ఎదుట ఉన్న విషయం – పార్లమెంటులో చర్చ

మన రాజ్యాంగం శాసన నిర్మాణాన్ని పార్లమెంటుకు, వివాద నిర్ణయాన్ని న్యాయస్థానాలకు అప్పగించినది. ఒకదాని పనిలో మరొకటి జోక్యం చేసుకొనకుండా హద్దులు కూడ ఏర్పరచినది. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విధినిర్వహణను, వారిని తొలగించవలెనని కోరే తీర్మానం వచ్చినప్పుడు తప్ప, పార్లమెంటు చర్చింపరాదని 121వ అధికరణం చెప్పుచున్నది. కార్యవిధానంలో లోపం జరిగినదన్న కారణంతో సభా కార్యక్రమాలను న్యాయస్థానాలు ప్రశ్నింపరాదని 122వ అధికరణం నిర్దేశించుచున్నది.

వీటికి తోడు సభ తనకు తాను విధించుకొన్న నియమం ఒకటి ఉన్నది. న్యాయనిర్ణయం వెలువడవలసియున్న వాస్తవాంశాన్ని సభ్యుడు తన ప్రసంగంలో ప్రస్తావింపరాదని లోక్‌సభ నియమావళిలోని 352వ నియమం తెలుపుచున్నది. కోర్టు విచారణలోని విషయంపై వాయిదా తీర్మానం కూడ చెల్లదు. సభలో పలికిన మాట విచారణను ముందుగానే ఒక వైపునకు మొగ్గించరాదన్నదే దీని ఉద్దేశం. అయితే శాసన నిర్మాణానికి ఈ నియమం అడ్డు కాదు.

ఈ హద్దుల విలువ, వాటి చిక్కు రెండును జంషెడ్‌పూర్‌తో సంబంధమున్న ఒక కేసులో బయటపడినవి. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చినవి. ప్రధాని నంద్యాల ప్రతినిధి. నాడు బీహారులో ఉన్న జంషెడ్‌పూర్ ప్రతినిధి ఝార్ఖండ్ ముక్తి మోర్చాకు చెందిన శైలేంద్ర మహతో. మోర్చా సభ్యులు లంచం పుచ్చుకొని ఓటు వేసినారన్న అభియోగంపై కేసు నడిచినది. మహతో అప్రూవరుగా మారినాడు.

సభలో వేసిన ఓటుకు సభ్యునిపై ఏ న్యాయస్థానంలోను చర్య ఉండరాదని 105వ అధికరణం రెండవ ఖండం చెప్పుచున్నది. దీనిని ఆధారం చేసుకొని సుప్రీంకోర్టు 1998 ఏప్రిల్ 17న 3–2 ఆధిక్యంతో తీర్పు ఇచ్చినది. లంచం పుచ్చుకొని ఓటు వేసినవారికి రక్షణ కలదు. ఓటు వేయనివానికి, లంచం ఇచ్చినవారికి లేదు. నరసింహారావును 2000లో విచారణ న్యాయస్థానం దోషిగా నిర్ణయించగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టినది. మహతో సాక్ష్యాన్ని హైకోర్టు విశ్వసింపలేదు.

ఒకే సాక్ష్యాన్ని రెండు న్యాయస్థానాలు రెండు విధాలుగా తూచినవి. అట్టి సాక్ష్యం నిజమా కాదా అన్నది సభలో ఓట్ల లెక్కతో తేలునది కాదు. కనుకనే సభ మౌనం అవసరం. కాని సభ మౌనం వహించి, న్యాయస్థానం కూడ సభ్యుని విచారింపజాలనిచో, ఓటరుకు సమాధానం చెప్పవలసినదెవరు? తన సభ్యులను దండించే అధికారం సభకు ఉన్నది. ప్రశ్నలు వేయుటకు డబ్బు పుచ్చుకొన్నారని 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను ఉభయసభలు బహిష్కరించినవి. అయితే నేరానికి శిక్ష విధించవలసినది న్యాయస్థానమే.

ఈ చిక్కు 2024 మార్చి 4న తొలగినది. 2012 రాజ్యసభ ఎన్నికకు సంబంధించి ఝార్ఖండ్ శాసనసభ్యురాలు సీతా సోరెన్‌పై వచ్చిన కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 నాటి తీర్పును ఏకగ్రీవంగా త్రోసిపుచ్చినది. లంచం పుచ్చుకొనుటతోనే నేరం పూర్తియగునని, ఆ పిదప ఓటు వేసినను వేయకున్నను రక్షణ లేదని ప్రకటించినది. సభ్యునికి గల స్వేచ్ఛ సభ తన పనిని నిర్భయంగా నెరవేర్చుటకై ఇచ్చినదే గాని, సొంత లాభానికై ఇచ్చినది కాదని ఈ తీర్పు సారాంశం.