డయాలిసిస్‌కు నెలవారీ బండి ఎలా మాట్లాడుకోవాలి?

ఇంట్లో ఒకరికి డయాలిసిస్ మొదలైతే అందరి ధ్యాసా రిపోర్టుల మీద, మందుల మీద, తిండి మీద ఉంటుంది. రాకపోకల సంగతి వచ్చేసరికి 'ఏదో ఒక రిక్షా దొరుకుతుందిలే' అనుకుంటారు. వారానికి మూడుసార్లంటే నెలకు పదమూడు సార్లు, పోనూ రానూ ఇరవయ్యారు ప్రయాణాలు. ఇన్నిటికీ ఏ పూటకాపూట రోడ్డు మీద నిలబడి బండి వెతుక్కోలేం. బండి దొరక్క ఒక్క డయాలిసిస్ తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. అది ఊపిరితిత్తులకూ గుండెకూ నేరుగా ముప్పు. అందుకే బండిని కూడా వైద్యంలో భాగంగానే చూడమంటాను.

సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది లింబాయత్, ఉధ్నా వైపు. మనం ఉండే వరాఛా సౌరాష్ట్ర నుంచి వచ్చిన కాఠియావాడీల పేట, వజ్రాల పనివాళ్ల పేట. ఇక్కడ తెలుగు ఇళ్లు పలచన. అర్ధరాత్రి తలుపు తడితే బండి తీసే బంధువు పక్కవీధిలో ఉండకపోవచ్చు. కాబట్టి ఏర్పాటు ముందే గట్టిగా ఉండాలి.

మొదట టైము రాసుకోండి

డ్రైవర్‌తో మాట్లాడేముందు డయాలిసిస్ సెంటర్‌లో కూర్చుని మూడు సంగతులు తెలుసుకోండి: మీకు ఇచ్చిన రోజులు, షిఫ్టు, పేషెంట్ నిజంగా బయటికి వచ్చే వేళ. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. మిషన్ మీద నాలుగు గంటలు అంటారు. దానికి ముందు బరువు చూడాలి, బీపీ చూడాలి, సూదులు పెట్టాలి. తర్వాత సూదులు తీసి, ఆ చోట దూది పెట్టి నొక్కి పట్టుకోవాలి, మళ్లీ బరువు, బీపీ చూడాలి. అన్నీ కలిపితే ఐదు గంటలు దాటుతుంది. ముందు షిఫ్టు ఆలస్యమైతే ఇంకా జరుగుతుంది. డ్రైవర్‌కు 'నాలుగు గంటలు' అని చెప్పారంటే మొదటి వారంలోనే గొడవ వస్తుంది.

సెంటర్ ఇంకా ఖాయం కాకపోతే దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. ఉమర్‌వాడాలోని స్మీమేర్, మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్, కతార్‌గామ్‌లోని కిరణ్ లాంటి పెద్ద ఆసుపత్రులన్నీ వరాఛా దాటి వెళ్లాల్సినవే. డాక్టర్ ఒప్పుకుంటే దగ్గరలో ఉన్న సెంటర్‌కే నా ఓటు. ఏళ్ల తరబడి చేసే ప్రయాణం ఇది.

పేషెంట్‌ను బట్టి బండి

తనంతట తాను నడిచి, మెట్లు దిగగలిగితే రిక్షా చాలు. నడవగలిగినా తిరుగు ప్రయాణంలో కళ్లు తిరిగేవాళ్లకూ, వయసు పైబడిన వాళ్లకూ కారు గానీ ఈకో వ్యాన్ గానీ మేలు. సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టవచ్చు. తొడలో డయాలిసిస్ గొట్టం (క్యాథెటర్) ఉంటే కాలు మడిచి కూర్చోకూడదు, వాళ్లకు రిక్షా వద్దు. మెడ దగ్గర క్యాథెటర్ ఉన్నవాళ్లకు దుమ్మూ తడీ తగలకుండా కిటికీలు మూసే బండి కావాలి. అసలు కూర్చోలేని వాళ్లకే స్ట్రెచర్ ఉన్న ప్రైవేట్ అంబులెన్స్. దానికి నెలవారీ ఖర్చు చాలా ఎక్కువ, అవసరం లేకుండా దాని జోలికి పోకండి. బైకు మీద వెనక కూర్చోబెట్టి తీసుకురావడం మాత్రం మానేయండి. డయాలిసిస్ అయ్యాక బీపీ పడిపోతే మనిషి పట్టు వదిలేస్తాడు.

ఇక 108 సంగతి. గుజరాత్‌లో ఆ సేవ 2007 నుంచి ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది ప్రాణం మీదికి వచ్చినప్పటి కోసం. వారం వారం వెళ్లే డయాలిసిస్ ప్రయాణానికి దాన్ని పిలవకూడదు.

డ్రైవర్ ఎక్కడ దొరుకుతాడు?

యాప్ బండ్లు ఒకటి రెండు సార్లకు పనికొస్తాయి. ప్రతిసారీ ఒకే మనిషి రావడం డయాలిసిస్ పేషెంట్‌కు ముఖ్యం, అది యాప్‌లో కుదరదు. ముందు సెంటర్‌లోని టెక్నీషియన్‌నో సిస్టర్‌నో అడగండి. అదే షిఫ్టులో మీ వైపు నుంచి వచ్చే ఇంకో పేషెంట్ ఉంటే ఒకే బండిలో ఇద్దరూ రావచ్చు, ఖర్చు సగం అవుతుంది. అయితే ఇద్దరూ ఒకేసారి బయటికి రారు. ఒకరికి రక్తం ఆగడం ఆలస్యమైతే రెండోవారు నీరసంతో బెంచీ మీద కూర్చోవాలి. ఆ ఓపిక ఇద్దరికీ ఉంటేనే కలిసి రండి.

తర్వాత అడగవలసింది స్కూలు పిల్లల్ని దింపే రిక్షావాళ్లను. సూరత్‌లో నెలకు మాట్లాడుకుని పిల్లల్ని తీసుకెళ్లే పనిని వర్ధీ అంటారు. ఇలాంటి డ్రైవర్లు టైముకు వస్తారు, మీ వీధివాళ్లకు తెలిసినవాళ్లై ఉంటారు. ఒక్క చిక్కు: ఉదయం షిఫ్టు డయాలిసిస్ ముగిసే వేళ, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చే వేళ ఒకటే అవుతాయి. ఆ మాట మొదటే అడిగేయండి. అతను వెళ్లేటప్పుడు మాత్రమే వస్తానంటే, తిరుగు ప్రయాణానికి వేరే మనిషిని ఖాయం చేసుకోండి. మీకు గుజరాతీ రాకపోతే ఇంతమాత్రం చాలు: 'భాయ్, డయాలిసిస్ మాటే అఠవాడియామా త్రణ్ వార్ జవానుం ఛే', అంటే వారానికి మూడుసార్లు వెళ్లాలి అని. హిందీలో చెప్పినా నడుస్తుంది.

మాటలు ఖాయం చేసుకోవడం

బేరానికి కూర్చునేముందు మీ లెక్క మీరు వేసుకోండి. గుజరాత్‌లో 2022 జూన్‌లో ఖాయం చేసిన రిక్షా రేటు ప్రకారం మొదటి 1.2 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15. సెంటర్ 6 కిలోమీటర్ల దూరం అనుకుంటే ఒక వైపు 92 రూపాయలు, నెలకు ఇరవయ్యారు ప్రయాణాలకు దాదాపు 2,400. దీనిమీద వెయిటింగు, డ్రైవర్ ఖాళీగా తిరిగే కిలోమీటర్లు వస్తాయి. రేటు మారి ఉంటే కొత్తదానితో ఇదే లెక్క వేయండి. బేరం మరీ పిండకండి. పది రూపాయలు తక్కువకు ఒప్పుకున్న మనిషి మంచి గిరాకీ తగిలిన రోజు మీ ఫోను ఎత్తడు.

ఈ మాటలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ ఉంచుకోండి. పేషెంట్ ఆసుపత్రిలో చేరిన రోజులకు డబ్బు ఇవ్వాలా, వద్దా? వెయిటింగు ఎంతసేపు దాకా ఉచితం? డ్రైవర్ రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, బదులుగా ఎవరిని పంపుతాడు? రోజులు మారితే? నెల జీతం మొత్తం ముందే ఇచ్చేయకుండా వారానికో, పదిహేను రోజులకో ఇవ్వడం ఇద్దరికీ సుఖం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట తిరుగు ప్రయాణం గురించి. వెళ్లేటప్పుడు పేషెంట్ కాస్త ఆయాసపడుతూ అయినా నిలకడగా ఉంటాడు. వచ్చేటప్పుడే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి, వాంతి వస్తుంది. సెంటర్ గేటు దగ్గర మధ్యాహ్నం ఒకసారి నిలబడి చూడండి. మోచేతి దగ్గర తెల్ల టేపు, దాని కింద దూది, రెండో చేత్తో ఫోను పట్టుకుని 'ఎక్కడున్నావు భాయ్' అని అడుగుతూ ఎంతమంది కూర్చుని ఉంటారో. సూదులు తీస్తున్నప్పుడే డ్రైవర్‌కు ఫోను చేసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి. పేషెంట్ లేచి నిలబడి రెండు నిమిషాలు నడిచాక, బీపీ చూశాక మాత్రమే బండి ఎక్కించండి.

బండిలో జాగ్రత్తలు

ఫిస్టులా ఉన్న చేత్తో, అంటే డయాలిసిస్ సూదులు పెట్టే చేత్తో, రిక్షా కడ్డీ పట్టుకుని ఎక్కకూడదు. ఆ చెయ్యి కడ్డీకో తలుపుకో ఒత్తుకోకుండా కూర్చోబెట్టాలి, సంచీ ఆ చేతికి తగిలించకూడదు. కారైతే సీటు బెల్టు కూడా దాన్ని నొక్కకూడదు. ఇవి డ్రైవర్‌కు కూడా చెప్పండి. సాయం చేద్దామని అదే చెయ్యి పట్టి లాగుతారు పాపం.

బండిలో ఒక చిన్న సంచీ ఉండాలి: శుభ్రమైన గాజుగుడ్డ, టేపు, వాంతి కవరు, దుప్పటి, డయాలిసిస్ ఫైలు, సెంటర్ ఫోను నంబరు. షుగరు ఉన్నవాళ్లకు డాక్టర్ చెప్పిన తినుబండారం. దారిలో సూది చోటు నుంచి రక్తం కారితే గాజుగుడ్డ పెట్టి వేళ్లతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకూడదు. ఆగకపోతే వెంటనే వెనక్కి, సెంటర్‌కు. రక్తం చిమ్మినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా, స్పృహ తప్పినా మాత్రం 108.

వరాఛా క్యాలెండర్

దీపావళికి వజ్రాల కార్ఖానాలు మూసేస్తే వరాఛా సగం ఖాళీ అయి సౌరాష్ట్రకు వెళ్లిపోతుంది. వాళ్లతోపాటు మీ రిక్షావాలా కూడా. ఆ వారాలకు బదులు మనిషిని దసరా నాటికే ఖాయం చేసుకోండి. సెంటర్ షిఫ్టులు మారతాయేమో అప్పుడే అడగండి. రెండు డయాలిసిస్‌ల మధ్య ఎడం పెరిగితే ముప్పు పెరుగుతుంది, పండగ పేరుతో ఒక్కటీ తప్పకూడదు. ఉత్తరాయణ్‌కు, అంటే మన సంక్రాంతికి, గాలిపటాల మాంజా రోడ్లకు అడ్డంగా వేలాడుతుంది. ఆ పండగ రెండు రోజులూ కిటికీలు మూసే బండే మంచిది. వానాకాలంలో స్టేషన్ వైపు రైలు పట్టాల కింది గర్‌నాళాల్లో నీళ్లు నిలుస్తాయి. మెట్రో పనుల బారికేడ్లు ఉంటే కపోద్రా, లాభేశ్వర్ వైపు దారి మళ్లించవచ్చు కూడా. రెండో దారి డ్రైవర్‌తో ముందే ఒకసారి వెళ్లి చూసుకోండి.

డబ్బు తోడు

సెంటర్ పీఎంజేఏవై (ఆయుష్మాన్ భారత్) కింద ఉంటే కార్డు కౌంటర్‌లో దారి ఖర్చు గురించి అడగండి. గుజరాత్‌లో పాత 'మా' కార్డు కాలం నుంచే ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ రోగికి 300 రూపాయల దారి ఖర్చు ఇచ్చే పద్ధతి ఉంది. మీ విషయంలో అది వర్తిస్తుందో లేదో, ఏ ఖాతాలో పడుతుందో వాళ్లే చెబుతారు. అడగడానికి మొహమాటపడకండి.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో కారున్నవాళ్లకు చివరిగా ఒక మాట. మీ సొసైటీలో డయాలిసిస్‌కు వెళ్లే మనిషి ఎవరైనా ఉంటే దీపావళి సెలవుల్లో డ్రైవర్లు దొరకని వారం రెండు ట్రిప్పులు మీరు వేయండి. వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లి మీ ఫోను నంబరు ఇచ్చి రండి.