కలిసే చోట చూడు

రాజోలి



నీ జాబు అందింది. నీ దగ్గర ఆడే ఆ పదిహేడేళ్ల హాకీ ఫార్వర్డు గురించి నాలుగు పేజీలు రాశావు. పోయినేడు గోల్సు మీద గోల్సు కొట్టినోడు ఈసారి ఆరు మ్యాచుల్లో ఒక్కటీ వేయలేదన్నావు. చివరికి అడిగింది ఒక్కటే: "వీడు ఎప్పటికైనా పైకొస్తాడా మామా?" ముప్పై ఏళ్లు డ్రిల్లు సారుగా చేసినా, దానికి అవుననో కాదనో చెప్పే ధైర్యం నాకు లేదు. ఎక్కడ చూడాలో మాత్రం చెప్తా.

మీ తాత చేతికి చీర ఇస్తే జరీ పువ్వులు చూసేవాడు కాదు. తిరగేసి, నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే చోట బొటనవేలు పెట్టి అటూ ఇటూ లాగేవాడు. మన గద్వాల చీర పనితనమంతా అక్కడే కదా. మూడు నాడెలు ఆడించి, నూలు పేకనూ పట్టు పేకనూ పోగుపోగుకూ కలుపుతూ పోవాలి. "పువ్వు ఎవడైనా వేస్తాడు, కలిపేటోడే నేతగాడు" అనేవాడు. నీ పిల్లోణ్ణీ ఆ కలిసే చోట్లలోనే చూడు.

మొదటిది, బంతి అందడానికీ తర్వాతి పనికీ మధ్య. ఫీల్డ్ గోల్ కొట్టాలంటే గోలు ముందున్న 14.63 మీటర్ల డీ లోపల్నుంచే కొట్టాలి. అక్కడ డిఫెండర్ ఊపిరి మెడకు తగులుతుంటుంది. బంతి రాకముందే వాడు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా? లేక బంతిని ఆపి, అప్పుడు తల ఎత్తుతున్నాడా? మన మట్టి గ్రౌండులో ఎగిరే బంతిని ఆపడమే గొప్ప. టర్ఫు మీద ఆపుతూనే దారి మళ్లించాలి. మట్టిలో పెరిగినోడికి అది ఒక్క నెలలో రాదు, ఓపిక పట్టు.

రెండోది, బంతి పోయాక మొదటి ఐదడుగులు. చేతులు దులుపుకొని నిలబడతాడా, వెంటనే మళ్లి వెంటపడతాడా? గోల్సు ఎలాగూ స్కోరుబోర్డు లెక్కపెడుతుంది. నువ్వు పెన్సిలు పట్టుకొని ఇవి లెక్కపెట్టు.

మూడోది, దెబ్బకూ మళ్లీ మొదలుపెట్టడానికీ మధ్య. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికొచ్చినప్పుడు మన మగ్గం గుంట నిండా బురద. మగ్గం మీదున్న చీర పోయింది. నీళ్లు తీశాక మీ తాత రెండు రోజులు అరుగు మీదే కూర్చున్నాడు, ఎవరితో మాట్లాడలేదు. మూడోనాడు గంప తెచ్చి బురద ఎత్తడం మొదలుపెట్టాడు. గోల్సు లేని ఆ ఆరు మ్యాచుల తెల్లారి నీ పిల్లోడు ప్రాక్టీసుకు ఎన్నింటికి వచ్చాడో నీ ఉత్తరంలో లేదు. నాకు కావలసింది అదే.

మనవైపు కాస్త వేగంగా పరుగెత్తే ప్రతి పిల్లోణ్ణీ ముకేశ్ కుమార్‌తో పోలుస్తారు. మన హైదరాబాదీ, 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడూ ఆడినవాడు. ఆ బద్దతో కొలిస్తే పదిహేడేళ్లకు నిలిచేదెవరు? సిమ్రన్‌జీత్ సింగ్‌ను గుర్తు చేసుకో. 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచ కప్ ఫైనల్లో గోలు కొట్టాడు. అయినా టోక్యో ఒలింపిక్స్‌కు మొదట రాసిన పదహారు మందిలో లేడు, రిజర్వుగా వెళ్లాడు. కొవిడ్ వల్ల రిజర్వులనూ ఆడించవచ్చని నిబంధన మారింది. కాంస్యం కోసం జర్మనీతో ఆడిన మ్యాచులో మనం 5–4తో గెలిస్తే అందులో రెండు గోల్సు అతనివే. నలభై ఒక్క ఏళ్ల తర్వాత వచ్చిన పతకం! ఆ జాబితా రాసినవాళ్లు చూపు లేనివాళ్లేం కాదు. చూపున్నవాళ్ల లెక్కా తప్పుతుంది.

నా లెక్కా తప్పింది. పదిహేనేళ్ల బక్కోణ్ణి ఒకణ్ణి "నీకు ఒళ్లు లేదు, చదువుకో పో" అని పంపేశాను. వాడి బదులు తీసుకున్నోడికి అప్పటికే మీసాలొచ్చాయి. బలంతో అందర్నీ నెట్టుకుపోతుంటే అది ఆటే అనుకున్నా. రెండేళ్లకు తోటివాళ్లంతా ఎదిగారు, వీడి దగ్గర బలం తప్ప ఇంకేమీ లేదని తేలింది. ఆ బక్కోడు ఇప్పుడు ఐజలో ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, నాకంటే జానెడు ఎత్తున్నాడు. కనిపిస్తే నమస్తే సార్ అంటాడు. నేనే తల దించుకుంటా.

అందుకే వాడి మీద రాసే రిపోర్టులో "పనికిరాడు" అని రాయకు, "పెద్ద ఆటగాడవుతాడు" అనీ రాయకు. ఈ మూడు చోట్ల వాడు ఈనాడు ఎట్లున్నాడో తేదీ వేసి రాయి. ఒక్కటంటే ఒక్కటి దిద్దుకోమని వాడికి చెప్పు. ఆరు నెలలకు మళ్లీ చూడు. అతుకు గట్టిపడుతుంటే గోల్సు లేకున్నా ఉంచుకో. ఆర్నెల్ల కింద ఎట్లుందో అట్లే ఉంటే, గోల్సున్నా వాడిని కూర్చోబెట్టి నిజం చెప్పు. పిల్లోడి వయసును ఆశ పేరుతో తినేయడం కూడా పాపమే.

 వాడి మ్యాచు వీడియో ఒకటి పంపు. గోలు కొట్టింది వద్దు, ఖాళీ గోలు ముందు బంతిని బయటికి కొట్టాడన్నావే, ఆ మ్యాచు పంపు. ఆ తర్వాతి పది నిమిషాలు చూడాలి.

మీ మామ