కొండపూలు: ఎక్కడ, ఎప్పుడు?

పూలలోయ జాతీయ పార్కు ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది. తర్వాత ఆయన రాసిన పుస్తకంతో దీని పేరు ప్రపంచానికి తెలిసింది. దగ్గర్లోని నందాదేవి జాతీయ పార్కుకు 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వస్తే, పూలలోయ అందులో చేరింది 2005లో. పరీక్షలకు చదివేవారు ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోండి.

లోయను జూన్‌లో తెరుస్తారు, అక్టోబరు దాకా వెళ్లొచ్చు. కానీ పూలు నిండుగా ఉండేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే. వానలకు వెనకాడితే ఆ అందం దక్కదు. బస దగ్గరి ఘాంగ్రియా గ్రామంలోనే, లోయలో రాత్రి ఉండనివ్వరు.

పక్కనే హేమకుండ్ గురుద్వారాకు వెళ్లే దారిలో కనిపించే బ్రహ్మకమలం ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. రేకుల్లా కనిపించే లేతపసుపు పొరలు నిజానికి పుచ్ఛాలు, అంటే పూలను కప్పి ఉంచే ఆకుల్లాంటి భాగాలు. అసలు పూలు వాటి లోపల ఊదారంగు గుత్తిగా ఉంటాయి. మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం వేరు, అది కాక్టస్ కుటుంబానిది. అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

ఇక మిగతా రాష్ట్రాలకొస్తే, మహారాష్ట్రలో సతారా దగ్గరి కాస్ పీఠభూమి పూలు చూడటానికి సెప్టెంబరు మంచి సమయం. కేరళలో మున్నార్ దగ్గరి ఎరవికులంలో నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది. 2018లో పూసింది, మళ్లీ 2030లో పూయాలి.