లెక్క తెల్లవారుజామున ఐదింటికి మొదలవ్వాలి

నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో ఎప్పుడో ఒకప్పుడు అట్టలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లను మీరు చూసే ఉంటారు. ఒకడు బైకులకు గీతలు గీస్తుంటాడు, ఇంకొకడు ఆటోలకు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. ఎండెక్కేసరికి ఇద్దరూ టీ కొట్టు నీడలోకి జరుగుతారు. అక్కణ్ణుంచి ఒక రోడ్డు సగమే కనపడుతుంది. కనపడని సగం అంచనాతో నిండిపోతుంది. రేపు ఊరికి బైపాస్ కావాలా, సిగ్నల్ చాలా, ఫలానా రూటుకి ఇంకో బస్సు వేయాలా అన్నది ఆ కాగితాలే తేలుస్తాయి.

నేనూ అలా టీ కొట్టు నీడలోకి జరిగినవాణ్ణే. అందుకే ఇది మునిసిపాలిటీల్లో ప్లానింగ్ చూసేవాళ్లకి, వార్డు ప్లానింగ్ సెక్రటరీలకి, ఆర్ అండ్ బీ ఏఈలకి, ఆర్టీసీ డిపోల్లో సర్వీసులు వేసేవాళ్లకి, సివిల్ డిప్లొమా చేతబట్టుకుని సర్వే పనికి వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ రాస్తున్నాను. ప్రయాణాల అంచనా అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఆఖరి మెట్టు. ఎప్పుడు నిలబడ్డావు, ఎక్కడ నిలబడ్డావు, దేన్ని లెక్కపెట్టావు అన్నదాంట్లోనే సగం పని తేలిపోతుంది.

ముందు నా పరువు తీసిన సంగతి చెబుతాను. మొదటి ఉద్యోగంలో పిడుగురాళ్ల వైపు ఒక రోడ్డుకి ట్రాఫిక్ లెక్క తీశాం. జూలైలో రిపోర్టు ఇవ్వాలి, కాబట్టి జూన్‌లో లెక్క. మూడు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. రంగురంగుల గ్రాఫులతో రిపోర్టు ముచ్చటగా వచ్చింది. మరుసటి మార్చిలో అదే రోడ్డున బస్సులో పోతుంటే ముందు మిర్చి టిక్కీల లారీ, దాని ముందు ట్రాక్టరు, దాని ముందు ఇంకో ట్రాక్టరు. బస్సు నడవదు, దాటడానికి దారి లేదు. మా రిపోర్టు ప్రకారం ఆ రోడ్డు మీద ట్రాక్టర్లు దాదాపు లేనట్టే. పక్క సీట్లో పెద్దాయన "ఈ రోడ్డుకి కొలతలేసినోళ్లకి కళ్లు లేవా?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఏ కాలంలో లెక్క తీయాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే రాసిపెట్టింది. దాని తొమ్మిదో నంబరు పుస్తకం ప్రకారం ఊళ్ల బయటి రోడ్ల మీద ఏడాదికి కనీసం రెండుసార్లు లెక్క తీయాలి. ఒక్కోసారి వరసగా ఏడు రోజులు, రోజుకి 24 గంటలు. ఒకసారి పంట కోసి మార్కెట్‌కి పోయే కాలంలో, ఇంకోసారి పని లేని కాలంలో. పల్నాడుకి ఇది అచ్చంగా సరిపోతుంది. మనకి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక జిల్లా, జూన్‌లో ఇంకో జిల్లా. మిర్చి గుంటూరు యార్డుకి కదిలే రోజుల్లో, కోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు దిగే రోజుల్లో రోడ్డు రూపమే మారిపోతుంది. ఏడు రోజులకి డబ్బు లేదంటారా? మూడు రోజులే తీయండి. ఆ మూడింటిలో ఒకటి ఊరి సంత రోజు కావాలి, ఒకటి మామూలు రోజు కావాలి, ఒకటి ఆదివారం కావాలి. సీజన్ ఏదో రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి.

రోజులో ఏ గంటలన్నదీ అంతే ముఖ్యం. పెద్ద నగరాల పుస్తకాల్లో రద్దీ తొమ్మిదింటికి. ఇక్కడ మిర్చి కోతల కాలంలో మొదటి రద్దీ ఐదు, ఐదున్నరకే. చేతిలో క్యారేజీ, నెత్తిన తువ్వాలు కట్టుకున్న ఆడవాళ్లతో నిండిన ఆటోలు ఊరు దాటేసరికి తెల్లారుతుంది. ఎనిమిదింటికి అట్ట పట్టుకుని వచ్చినవాడి లెక్కలో వాళ్లు లేరు. సాయంత్రం నాలుగింటికి తిరిగొస్తారు, అది కూడా ఆఫీసు రద్దీ కాదు గనక ఎవరి పట్టికలోనూ కనపడదు.

అలాంటి ఆటో ఒకదాన్ని ఆపి "అన్నా, ఎంతమంది ఎక్కారు?" అని అడిగాను.

"రాసుకో తమ్ముడూ, ముగ్గురు" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

వాళ్లు దిగేటప్పుడు లెక్కపెడితే పదమూడు మంది. ఆయన అబద్ధమాడాడని కాదు. అట్ట పట్టుకున్నవాడెవడైనా చలానా రాసేవాడే అనుకున్నాడు. అప్పట్నుంచి నేను డ్రైవర్ని అడగను. దిగే చోట నిలబడి తలలు లెక్కపెడతాను. మీరూ అలాగే చేయండి, బండ్ల పట్టిక పక్కన మనుషుల పట్టిక వేరే పెట్టుకోండి.

రెండు పట్టికలు ఎందుకంటారేమో, చూడండి. వేర్వేరు బండ్లను ఒకే కొలతలోకి తేవడానికి ప్యాసింజర్ కార్ యూనిట్ అనే లెక్క ఉంది, ఆఫీసుల్లో పీసీయూ అంటారు. పట్టణ రోడ్లకి రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన 106వ నంబరు పుస్తకంలో కారు 1, బైకు 0.5 లేక 0.75, ఆటో 1.2 లేక 2, బస్సు గానీ లారీ గానీ 2.2 లేక 3.7, ట్రాక్టరు ట్రక్కుతో కలిపి 4 లేక 5. మొత్తం బండ్లలో ఆ రకం 5 శాతం లోపుంటే చిన్న అంకె, 10 శాతం, అంతకు మించితే పెద్ద అంకె. అదే ఏడాది పల్లె రోడ్లకి ఇచ్చిన 64వ పుస్తకంలో పెద్ద ఎద్దుల బండికి 8! మన రోడ్డు మీద ఎద్దుల బండి ఎనిమిది కార్ల చోటు తింటుందని ఢిల్లీలో ఒప్పుకున్నారు, సంతోషం.

ఇప్పుడు ఒక గంట ఊహించుకుందాం. పల్నాడు రోడ్డు మీద 600 బైకులు, 150 ఆటోలు, 80 కార్లు, 15 బస్సులు, 15 లారీలు, 20 ట్రాక్టర్లు పోయాయి. పై అంకెలతో గుణిస్తే బైకులు 450, ఆటోలు 300, కార్లు 80, బస్సులు లారీలు కలిపి 66, ట్రాక్టర్లు 80. మొత్తం 976 యూనిట్లు. రోడ్డు వెడల్పు చేయాలని రాయడానికి ఇది చాలు. అదే గంటలో మనుషుల్ని లెక్కపెట్టండి. కారుకి ఇద్దరున్నర చొప్పున 80 కార్లలో 200 మంది. బస్సుకి 40 చొప్పున 15 బస్సుల్లో 600 మంది, ఆ బస్సులు తీసుకున్న చోటు 33 యూనిట్లే. కార్లు పట్టిన చోటులో సగం కూడా పట్టకుండా మూడింతల మందిని మోశాయి. మొదటి పట్టిక మాత్రమే చూసినవాడు రోడ్డు తవ్వుతాడు. రెండోదీ చూసినవాడు బస్టాపు సరిచేస్తాడు, ఇంకో సర్వీసు అడుగుతాడు. ఖర్చులో తేడా ఎంతో మీకు తెలుసు.

లెక్క చేతికొచ్చాక అంచనా. ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగు మెట్లని చెబుతారు. 1950ల్లో అమెరికాలో డెట్రాయిట్, చికాగో నగరాల అధ్యయనాల్లో రూపు దిద్దుకున్న పద్ధతి ఇది. ఎన్ని ప్రయాణాలు పుడతాయి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, దేని మీద, ఏ దారిన. ఇది నేర్చుకోవాల్సిందే, కానీ గుడ్డిగా నమ్మొద్దు. రెండో మెట్టులో వాడే గ్రావిటీ మోడల్ చెప్పేదేమిటంటే, పెద్ద ఊరు గట్టిగా లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది. జనాభా ఒక్కటే అందులో పోస్తే మాచర్ల, పిడుగురాళ్ల ముందు గురజాల నిలవదు. కానీ రెవెన్యూ డివిజన్ ఆఫీసు ఉన్నది గురజాలలో. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పుపడ్డ రైతు ఆ ఊరి జనాభా చూసి వెళ్లడు.

ఇంకా పెద్ద ఉదాహరణ మన కళ్లముందే జరిగింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. అంతకుముందు మాచర్ల మనిషి కలెక్టరుకి అర్జీ ఇవ్వాలంటే గుంటూరు పోవాలి. ఆ రోజు నుంచి నరసరావుపేట, అందులోనూ ఊరి చివర లింగంగుంట్ల. ఒక్క ఉత్తర్వుతో వందల ఊళ్ల ప్రయాణాలు దారి మార్చుకున్నాయి. సోమవారం గ్రీవెన్స్ రోజున అక్కడ ఆటోల వరస చూసి మంగళవారంతో పోల్చి చూడండి. 2021లో ఎవరైనా నరసరావుపేటకి ఏటా 5 శాతం పెరుగుదల అని అంచనా వేసి ఉంటే, అంకె తప్పు కాకపోవచ్చు, ఎటు పెరిగిందన్నది మాత్రం పూర్తిగా తప్పింది. అందుకని అంచనా వేసే ముందు కాగితం మీద ఒక జాబితా రాసుకోండి. వచ్చే పదేళ్లలో ఏ ఆఫీసు కదలొచ్చు, ఏ ఆసుపత్రి, కాలేజీ రావొచ్చు, ఏ రైలు మార్గం తెరుచుకోవచ్చు. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరైంది, మొత్తం 309 కిలోమీటర్లు. అది పూర్తయ్యాక సిమెంటు, సున్నం లారీల్లో ఎన్ని రైలెక్కుతాయన్నది మీ రిపోర్టులో ఒక పేరాగా ఉండాలి.

ఆ 5 శాతం సంగతి కూడా చెప్పుకోవాలి. ఏ ఆధారమూ లేనప్పుడు రోడ్డు డిజైనులో ఏటా కనీసం 5 శాతం పెరుగుదల తీసుకోవడం రివాజు. 5 శాతం అంటే చిన్నగా వినపడుతుంది గానీ పద్నాలుగేళ్లలో రెట్టింపు. అన్ని బండ్లకీ ఒకే శాతం పెట్టడం మాత్రం బద్ధకం. వాహన్ పోర్టల్లో ఏ ఆఫీసు కింద ఏ రకం బండ్లు ఎన్ని రిజిస్టరయ్యాయో ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. బైకులకి ఒక శాతం, కార్లకి ఒకటి, ట్రాక్టర్లకి ఒకటి విడివిడిగా వేయండి.

ఇక 2025 ఆగస్టు 15. స్త్రీ శక్తి పథకం మొదలైన రోజు. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మహిళలకి చార్జీ లేదు. ఆ తేదీకి ముందు తీసిన సర్వేలో 'దేని మీద వెళ్తారు' అన్న మూడో మెట్టు దాదాపు చెత్తబుట్టలో వేయొచ్చు. ఆటో ఎక్కే అమ్మ బస్సు కోసం ఆగుతోంది, అది ఒక మార్పు. అంతకంటే పెద్దది, చార్జీకి భయపడి అసలు కదలని మనిషి కదిలింది. వినుకొండలో అక్కని చూడాలని ఏడాదిగా అనుకుంటున్నావిడ ఏ సర్వేలోనూ లేదు, ఎందుకంటే మనం రోడ్డు మీద నిలబడి రోడ్డు మీదికొచ్చినవాళ్లనే అడుగుతాం. అందుకే ఇంటింటి సర్వేలో ఒక ప్రశ్న కలపండి: "పోయిన నెల్లో పోవాలనుకుని పోలేకపోయింది ఎక్కడికి?" ఈ ఒక్క ప్రశ్న నాకు వంద గీతల కాగితాలకంటే ఎక్కువ చెప్పింది.

డిపోల్లో పనిచేసేవాళ్లకి ఇంకో మాట. మహిళలకి ఇచ్చే జీరో టికెట్టు కూడా మిషన్లోంచే వస్తుంది, ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకో అందులో ఉంటుంది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్న సర్వే కోసం నగరాలు పెద్ద మొత్తాలు పోస్తాయి. మన దగ్గర అది రోజూ దానంతటదే తయారవుతోంది. కండక్టరు తొందరలో చివరి స్టేజీ కొట్టేస్తే పాడవుతుంది, కాబట్టి వారానికి ఒకసారి ఒక ట్రిప్పులో కూర్చుని సరిచూడండి. సీట్లు ఎంత శాతం నిండాయన్న ఓఆర్ అంకెతోనే ఆగిపోవద్దు. రోజంతా సగటు 70 అంటే పొద్దున ఏడింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్లూ మధ్యాహ్నం రెండింటి ఖాళీ సీట్లూ కలిసిపోయినట్టు.

మనుషుల్ని అడిగి అంచనా వేస్తే ఎంత దగ్గరగా వస్తుందో చెప్పడానికి ఒక పేరుమోసిన లెక్క ఉంది. 1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు వస్తోంది. పనికి పోయేవాళ్లలో 15 శాతం ఎక్కుతారని అధికారిక అంచనా. డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం ఒక్కొక్క మనిషి టైము, ఖర్చు, నడవాల్సిన దూరం అడిగి లెక్క కట్టి 6.3 అంది. రైలు నడిచాక తేలింది 6.2. ఆ పద్ధతికే ఆయనకి 2000లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. మన రైలు స్టేషన్లు చాలాచోట్ల ఊరికి ఎంత దూరమో తలచుకుంటే, ఆ 'నడవాల్సిన దూరం' ఎందుకు ముఖ్యమో ఇట్టే అర్థమవుతుంది.

కోటప్పకొండ తిరునాళ్ల గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. శివరాత్రి రోజున ప్రభలు కదిలే దారికి ఏ మోడలూ పనికిరాదు. ఏడాదికి ఒక్క రాత్రి కోసం రోడ్డు నాలుగు వరసలు చేయమని రాసేవాళ్లున్నారు. తప్పు. ఆ రాత్రికి కావాల్సింది ఒకవైపు దారి, దూరంగా పార్కింగు, స్పెషల్ బస్సులు. తిరునాళ్ల లెక్కని మామూలు లెక్కలో ఎప్పుడూ కలపొద్దు.

ఈ పనిని వృత్తిగా తీసుకోవాలనుకునే పిల్లలకి: బీటెక్ సివిల్ తర్వాత గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ చేయొచ్చు, ప్లానింగ్ వైపు మొగ్గితే విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అంతవరకూ ఆగక్కర్లేదు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ఎక్సెల్ మీకు వచ్చిందే. 2011 జనగణనలో పనికి ఎంత దూరం, దేని మీద పోతారన్న పట్టిక ఉంది. పాత గుంటూరు జిల్లా కింద వెతకండి, అప్పటికి పల్నాడు జిల్లా లేదు. కొత్త అంకెలు 2027 జనగణన తర్వాతే కాబట్టి ఆ పాత పట్టికకి మీరు తీసే లెక్కే తోడు.

వచ్చే మిర్చి కోతలకి ముందే మీ ఊరి సెంటరు ఒకటి ఎంచుకోండి. అన్ని రోడ్లూ కనపడే చోటు చూసుకోండి, నీడ సంగతి తర్వాత. ఫిబ్రవరిలో ఒక మామూలు రోజు, ఒక సంత రోజు, తెల్లవారుజామున ఐదింటికల్లా అక్కడుండండి. రెండు పెన్నులు, గట్టి అట్ట, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. ఆటో ఆగితే డ్రైవర్ని అడగొద్దు, దిగేవాళ్లని లెక్కపెట్టండి.